పైలట్ పుస్తకం వెంట అట్లాంటిక్ మీద

నవంబరు మూడో వారంలో కానరీ దీవుల్లోని గ్రాన్ కనారియా ద్వీపంలో ఉన్న లాస్ పాల్మాస్ రేవుకు చేరేసరికి, తెరచాప పడవలు ఒకదాన్నొకటి ఒరుసుకునేంత దగ్గరగా కట్టి ఉన్నాయి. 1986లో జిమ్మీ కార్నెల్ మొదలుపెట్టిన సామూహిక అట్లాంటిక్ యాత్ర ఏటా ఈ నెలలో ఇక్కడి నుంచే బయలుదేరుతుంది. దానిలో చేరకుండా తమంత తాము వెళ్లే పడవలు కూడా ఈ సమయానికే ఇక్కడికి వస్తాయి. మాది ఆ రెండో కోవ. పడవ సుమారు పన్నెండు మీటర్లది. దాని యజమాని లిస్బన్‌లో స్థిరపడిన విశ్రాంత ఇంజనీరు, చుక్కాని పట్టడంలో ఆయన భార్య ఆయన కంటే నేర్పరి. నేను కాకినాడలో పుట్టి, ఉద్యోగరీత్యా లిస్బన్‌కు వెళ్లి, తేజో నది ముఖద్వారంలో సెలవు రోజుల్లో తెరచాప నడపడం నేర్చుకున్నవాణ్ణి. మూడో మనిషి లేకపోతే రాత్రి కాపలా వంతులు కుదరవు కాబట్టి నన్ను రమ్మన్నారు.

లాస్ పాల్మాస్‌లో ఏ పడవ లోపలికి తొంగిచూసినా పటాల బల్ల పైన ఉన్న అరలో దాదాపు అవే పుస్తకాలు కనిపిస్తాయి. కొన్ని మహాసముద్రాలన్నిటికీ పనికివచ్చే దారుల పుస్తకాలు, కొన్ని ఒక్కో ద్వీపసమూహానికి రేవు రేవుకీ విడిగా రాసినవి. మొదటి రకంలో రెండు తరాలున్నాయి. బ్రిటిష్ నౌకాదళపు జలపటాల శాఖ 1923లో తొలిసారి వెలువరించిన ‘ఓషన్ పాసేజెస్ ఫర్ ది వరల్డ్’ పెద్ద ఓడల కోసం పుట్టినది. చిన్న పడవల వాళ్లను దృష్టిలో పెట్టుకుని కార్నెల్ 1987లో ప్రచురించిన ‘వరల్డ్ క్రూజింగ్ రూట్స్’ ఆ తరువాతిది. రెండో రకం పుస్తకాలను నావికులు పైలట్ పుస్తకాలంటారు. మా పడవలోని పైలట్ పుస్తకం అంతకుముందు కనీసం ఇద్దరు యజమానుల చేతులు మారింది. అంచుల్లో పెన్సిలుతో రాసిన వ్యాఖ్యలు మూడు రకాల చేతిరాతల్లో ఉన్నాయి. ఒక పేజీలో ‘లంగరు రెండుసార్లు జారింది’ అని ఒకరు రాస్తే, దాని కిందే ‘గొలుసు ఇంకా వదిలితే పట్టుతుంది’ అని ఇంకొకరు జవాబిచ్చారు. అచ్చులో ఉన్న మాట కంటే ఆ రెండు వాక్యాలే నాకు ఎక్కువ పనికివచ్చాయని నిస్సంకోచంగా చెప్పగలను.

ఈ పుస్తకాలను మొదటిసారి చదివేవాళ్లు దారి కోసం వెతుకుతారు, కానీ వాటిలో దారి కంటే ముందు నెల ఉంటుంది. ఉత్తర అట్లాంటిక్‌లో హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. ఈశాన్య వ్యాపార పవనాలు నిలకడగా వీచడం శీతకాలంలో, డిసెంబరు తరువాత మొదలవుతుంది. ఈ రెంటి నడుమ నవంబరు చివర బయలుదేరడమంటే తుపానుల కాలపు తోక మీద కాలుపెట్టడమే. క్రిస్మస్‌కు ముందే కరీబియన్ చేరాలన్న ఆశతో చాలామంది అలాగే వెళతారు. పుస్తకాలు దాన్ని వద్దనవు, అయితే ఇంకొన్ని వారాలు ఆగితే గాలి మెరుగవుతుందని ప్రతి పుస్తకమూ ఏదో ఒక మూల చెబుతుంది. మా ఇంజనీరు ఆ మాటనే పట్టుకున్నాడు. లాస్ పాల్మాస్‌లో మిగతా పడవలన్నీ ఖాళీ అవుతుంటే మేము ఆఫ్రికా పడమటి తీరానికి ఎదురుగా ఉన్న కేప్ వెర్దే దీవుల దాకా మాత్రమే వెళ్లి, అక్కడ ఆగి, డిసెంబరు గడిచాక సముద్రం దాటాలని ఆయన నిర్ణయం. నాకు అప్పుడు అది అతి జాగ్రత్తగా తోచింది. ఇప్పుడు మాత్రం, ఈ పుస్తకాల అసలు ప్రయోజనం ఎప్పుడు వెళ్లకూడదో చెప్పడంలోనే ఉందని నమ్ముతున్నాను. ఎక్కడికి వెళ్లాలో చెప్పడానికి ఏ గ్లోబైనా చాలు.

నెల ఎలా తెలుస్తుందో ఒక పటం చూపించి చెబితే బాగుంటుంది. పైలట్ చార్టు అనే ఈ పటం నెలకు ఒకటి చొప్పున ఉంటుంది. సముద్రాన్ని ఐదేసి డిగ్రీల గళ్లుగా విభజించి, ఒక్కో గడి మధ్యన ఒక చిన్న వృత్తం గీస్తారు. వృత్తం చుట్టూ ఎనిమిది దిక్కుల నుంచి బాణాలు వచ్చి తగులుతాయి. బాణం ఎంత పొడవుంటే ఆ దిక్కు నుంచి గాలి అంత తరచుగా వీచినట్టు, బాణం తోకకు ఎన్ని ఈకలుంటే బ్యూఫోర్ట్ కొలమానంలో దాని బలం అంత. వృత్తం లోపల రాసిన అంకె, గాలి లేక నిశ్చలంగా ఉన్న సందర్భాల శాతం. ఫిబ్రవరి పటంలో కేప్ వెర్దేకు పడమరన ఉన్న గళ్లలో ఈశాన్యపు బాణం మిగతావాటన్నిటినీ మింగేసినంత పొడవుగా ఉంటుంది. అదే ప్రదేశపు ఆగస్టు పటం పక్కన పెట్టి చూస్తే, ఆ నీళ్లలోకి ఎందుకు పోకూడదో వేరే వివరణ అక్కర లేదు.

ఈ పటాలకు మూలపురుషుడు అమెరికా నౌకాదళంలోని మాథ్యూ ఫాంటేన్ మౌరీ. 1839లో గుర్రపు బగ్గీ ప్రమాదంలో కాలు దెబ్బతిని సముద్రయానానికి పనికిరాకుండా పోయిన ఆయనను వాషింగ్టన్‌లో పటాలూ పరికరాలూ దాచే కార్యాలయానికి అధికారిగా వేశారు. అక్కడ గుట్టలుగా పడి ఉన్న పాత ఓడల లాగ్‌బుక్కుల నుంచి ఏ రోజు ఎక్కడ ఏ గాలి వీచిందో ఏరి, 1847లో ఉత్తర అట్లాంటిక్ గాలుల, ప్రవాహాల పటాన్ని ప్రచురించాడు. తన పటాన్ని కెప్టెన్లకు ఉచితంగా ఇచ్చి, బదులుగా వాళ్ల ప్రయాణపు లాగ్‌లను నింపి పంపమనేవాడు. ఇప్పటి పైలట్ పుస్తకాలు కూడా అదే ఇచ్చిపుచ్చుకోవడం మీద నడుస్తున్నాయి: చివరి పేజీల్లో సవరణలు రాసి పంపమని ప్రచురణకర్తల అభ్యర్థన ఉంటుంది, మధ్యలో వచ్చిన సవరణలు అనుబంధంగా వెలువడతాయి.

కోస్తా ఆంధ్రకూ ఈ రకం సాహిత్యంతో దుఃఖకరమైన బంధం ఒకటుంది. గోదావరి ముఖద్వారంలో ఓడలు కట్టిన కోరింగను 1839 నవంబరు తుపాను తుడిచిపెట్టింది. కలకత్తాలో నౌకా విచారణ న్యాయస్థానానికి అధ్యక్షుడిగా ఉన్న హెన్రీ పిడింగ్టన్ బంగాళాఖాతపు తుపానుల మీద వరుసగా పరిశోధన వ్యాసాలు రాసి, 1848లో నావికుల కోసం తుపానుల చేతిపుస్తకం వెలువరించాడు. ‘సైక్లోన్’ అన్న మాట ఆ పుస్తకంతోనే వాడుకలోకి వచ్చింది. ఉత్తరార్ధగోళంలో గాలికి ఎదురుగా నిలబడితే తుపాను కేంద్రం కుడివైపున, కాస్త వెనక్కి ఉంటుందన్న సూత్రం ఈనాటికీ దారుల పుస్తకాల్లో కనిపిస్తుంది. కాకినాడలో పుట్టినవాడిగా ఆ పేరా దగ్గర కాసేపు ఆగకుండా నేను ముందుకు వెళ్లలేకపోయాను.

కానరీ దీవుల నుంచి బయటపడటమే మొదటి పరీక్ష. ఎత్తయిన అగ్నిపర్వత ద్వీపాల మధ్య సందుల్లో వ్యాపార పవనం ఇరుకున పడి ఒక్కసారిగా పది, పదిహేను నాట్‌లు (గంటకు అన్ని నాటికల్ మైళ్లు) పెరుగుతుంది. పైలట్ పుస్తకంలో ఆ పట్టీలను రంగు వేసి గుర్తించారు. గ్రాన్ కనారియా తూర్పు తీరం వెంట దక్షిణంగా దిగుతుంటే, ముందున్న నీళ్లు నల్లబడి తెల్లటి నురుగు గీతలు లేస్తున్న చోటు స్పష్టంగా కనబడింది. పటంలోని రంగు అంచు దాదాపు అక్కడే మొదలవుతుంది. మేము ముందే తెరచాపను రెండు మడతలు కుదించాం. ఆ పట్టీ దాటి ద్వీపం నీడలోకి రాగానే గాలి పూర్తిగా పడిపోయి తెరచాపలు వేలాడాయి. అప్పుడు ఇంజిను వేసి, ఆ నిశ్చల ప్రాంతం దాటేదాకా పోవాలన్నది కూడా పుస్తకంలో ఉన్నదే.

కేప్ వెర్దేలో మేము ఆగాల్సిన రేవు మిందేలోకు సుమారు 860 నాటికల్ మైళ్లు. ఆ దారి గురించి చెప్పడానికి పెద్దగా లేదు: వెనక నుంచి గాలి, కుడికీ ఎడమకీ దొర్లే పడవ, మొదటి రాత్రుల్లో నాకు వాంతులు. చేరే ఉదయం మాత్రం మరచిపోలేను. సహారా దుమ్ముతో ఆకాశం మురికి పసుపు రంగులో ఉంది. పుస్తకంలో హెచ్చరించినట్టే, వెయ్యి మీటర్ల పైన ఎత్తున్న సాంటో అంటావ్ ద్వీపం మేము దాని పక్కకు వచ్చేదాకా కనబడలేదు. రేవు ముఖద్వారంలో నిలబడిన పాసరోస్ రాతి దిబ్బ, దాని నెత్తిన దీపస్తంభం మసకలోంచి ఒక్కసారిగా తేలి వచ్చాయి. ఇంజనీరు భార్య చుక్కాని పట్టుకుని, నన్ను రేవు పటం ఉన్న పేజీ పైకి చదవమంది. దిబ్బను ఏ పక్కన వదలాలి, లోతు ఎక్కడ తగ్గుతుంది, కొండల మీది నుంచి గాలి ఎక్కడ మొత్తుతుంది అని నేను చదువుతుంటే, ఆమె కళ్లు ముందుకే ఉంచి తల ఊపింది. ఒకచోట పుస్తకంలోని లోతుకూ మా యంత్రం చూపిన లోతుకూ అర మీటరు తేడా వచ్చింది. ఆ సాయంత్రం ఆయన దాన్ని సవరణల కాగితం మీద, తేదీ, ఆటుపోట్ల సమయంతో సహా రాసుకున్నాడు.

పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ ఆవిరి ఓడలకు బొగ్గు అందించి పెరిగిన మిందేలో, సెజారియా ఎవోరా పాడిన ఊరు. ఈ దీవుల్లో పంటలు తక్కువ కావడం వల్ల, సరకులు లాస్ పాల్మాస్‌లోనే కొనుక్కోండని పుస్తకాలు చెబుతాయి. మేము ఆ మాట వినే వచ్చాం. పుస్తకాల బలహీనత నాకు ఇంకోచోట ఎదురైంది. ప్రవేశ నిబంధనల పేజీలన్నీ ఐరోపా, అమెరికా పాస్‌పోర్టులున్న పాఠకుణ్ణి ఊహించుకుని రాసినవి. భారతీయ పాస్‌పోర్టుతో, తిరుగు విమాన టిక్కెట్టు లేకుండా, పడవ సిబ్బంది జాబితాలో ఒక పేరుగా దిగేవాడి సంగతి వాటిలో ఒక్క పంక్తి కూడా లేదు. నేను నెలల ముందే రాయబార కార్యాలయాలకు విడివిడిగా రాసి, వచ్చిన జవాబులన్నీ అచ్చు తీసి వెంట పెట్టుకున్నాను. మనవాళ్లు ఈ పుస్తకాలను ఆశ్రయించేటప్పుడు ఈ అధ్యాయాన్ని మాత్రం నమ్మకూడదు.

మన దేశం నుంచి ఈ మార్గాల్లోకి వెళ్లినవారు లేకపోలేదు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరి, 2018 మేలో తిరిగి వచ్చిన భారత నౌకాదళ పడవ తారిణి ఆరుగురు మహిళా అధికారులతో భూమిని చుట్టింది. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. వాళ్లది దక్షిణ మహాసముద్రపు దారి. అక్కడ ఏ నెలలో దక్షిణ అమెరికా కొసన ఉన్న హార్న్ అగ్రాన్ని దాటాలన్న దాని చుట్టూ మిగతా ప్రయాణమంతా అమరుతుంది.

జనవరిలో మిందేలో వదిలి బార్బడోస్ వైపు తిరిగాం. సుమారు 2,000 నాటికల్ మైళ్లు. వెన్న కరిగేదాకా దక్షిణానికి పోయి అప్పుడు పడమరకు తిరగమన్న పాత నావికుల మాట మాకు అక్కర లేకపోయింది, కేప్ వెర్దే దగ్గర వెన్న అప్పటికే కరుగుతుంది. పటంలో నిశ్చలం శాతం సున్నాకు దగ్గరగా ఉన్న గళ్లలోనే, దారి మధ్యలో గాలి ఆగిపోయి కొన్నాళ్లు తేలుతూ గడిపాం. నేను పటాన్ని నిందిస్తుంటే ఇంజనీరు నవ్వి, అది ఎన్నో ఏళ్ల జనవరుల లెక్కే తప్ప ఈ జనవరికి ఇచ్చిన మాట కాదన్నాడు. వారం ఎలా ఉంటుందో ఉపగ్రహ ఫోను ద్వారా వచ్చే సూచన చెబుతుంది, నెల ఎలా ఉంటుందో పుస్తకం చెబుతుంది. ఒకదాని పని రెండోదాన్ని అడగకూడదు.

బార్బడోస్ తూర్పు కరీబియన్‌లోని చాలా ద్వీపాల్లా అగ్నిపర్వతం కాదు. పగడపు సున్నపురాయితో తేలిన ఈ నేల దూరం నుంచి ఎత్తుగా కనబడదు. ఆగ్నేయ తీరం వెంట కాబ్లర్స్ రీఫ్ అనే పగడపు దిబ్బ ఉంది. వ్యాపార పవనమూ అలలూ నేరుగా దాని మీదికే తోస్తాయి. రాత్రిపూట ఈ తీరానికి చేరువ కావద్దని మా దగ్గరున్న పుస్తకాలు ఏకకంఠంగా చెప్పాయి. సౌత్ పాయింట్ దీపం వెలుగు కనబడేసరికి అర్ధరాత్రి దాటింది. ఇంత దూరం వచ్చి కళ్లముందున్న రేవులోకి వెళ్లకుండా తెరచాప వెనక్కి తిప్పి, పడవను నిలకడగా ఆపి తెల్లవారేదాకా ఉండటం నాకు కష్టంగానే తోచింది, పడవలో మరెవరికీ తోచలేదు. వెలుగు వచ్చాక దక్షిణం చుట్టి తిరిగి, నీధమ్స్ పాయింట్ దాటి, కార్లైల్ బేలో తెల్లని ఇసుక మీద లంగరు దించాం. పుస్తకంలో లంగరు పట్టు బాగుంటుందని రాసిన చోటే దించాం, మొదటిసారికే పట్టింది.

నేను అక్కడి నుంచి విమానంలో లిస్బన్ తిరిగి వచ్చాను. వాళ్లిద్దరూ మే నెలలో, అట్లాంటిక్ మధ్యలోని అజోర్స్ దీవుల మీదుగా వెనక్కి వస్తామని ఆ అధ్యాయం అంచుల్లో పెన్సిలుతో గుర్తులు పెట్టుకోవడం మొదలుపెట్టారు.