వాలెన్‌బర్గ్ సిండ్రోమ్: నీట్ పీజీకి నేను చదివిన పద్ధతి

వాలెన్‌బర్గ్ అంటే బ్రెయిన్‌స్టెమ్ (మెదడుకీ వెన్నుపాముకీ మధ్య ఉండే కాండం) అడుగు భాగమైన మెడుల్లాలో, పక్కవైపు వచ్చే స్ట్రోక్. బ్రెయిన్‌స్టెమ్ స్ట్రోక్‌లు అనగానే వెబర్, బెనెడిక్ట్, మిల్లార్డ్ గుబ్లర్ అంటూ సిండ్రోమ్‌ల పట్టిక వేసుకుని బట్టీ పట్టేస్తాం. రివిజన్‌కి వచ్చేసరికి అన్నీ కలగాపులగం. అందుకే నేను పట్టిక పక్కన పడేసి, తెల్లకాగితం మీద మెడుల్లా అడ్డుకోత గీయడం అలవాటు చేసుకున్నాను. బొమ్మ చండాలంగా ఉన్నా పర్వాలేదు, ఏది ఎక్కడుందో తెలిస్తే చాలు.

న్యూరాలజిస్ట్ గేట్స్ చెప్పిన రూల్ ఆఫ్ 4 ఇక్కడ బాగా పనికొస్తుంది. మధ్యలో ఉండేవి 'ఎం'తో, పక్కన ఉండేవి 'ఎస్'తో మొదలవుతాయి. వాలెన్‌బర్గ్‌లో దెబ్బతినేది పక్క భాగం. కాబట్టి స్ట్రోక్ వచ్చిన వైపు ముఖానికీ, అవతలి వైపు ఒంటికీ నొప్పి, వేడి తెలియవు. అదే వైపు హార్నర్ (రెప్ప వాలి, కంటిపాప చిన్నదవడం), అటాక్సియా (చేయీ కాలూ అదుపు తప్పడం). కదలికల నరాలు వెళ్లే పిరమిడ్ మధ్యలో ఉంది కాబట్టి చేయీ కాలూ పడిపోవు. ఆప్షన్లలో హెమిప్లీజియా (ఒకవైపు పక్షవాతం) పెట్టి బోల్తా కొట్టించేది ఇక్కడే. నాలుక కూడా పక్కకు పోయిందంటే అది మీడియల్ మెడుల్లరీ, అంటే మెడుల్లా మధ్య భాగం స్ట్రోక్.

ఇంటర్న్‌షిప్‌లో ఒకాయన్ని చూశాను. వాంతులు, ఆగని ఎక్కిళ్లు. అప్పటికే గ్యాస్ అని ఎక్కడో ఇంజెక్షన్ చేసి పంపారట. మంచం మీద కూర్చుని మాటిమాటికీ కిడ్నీ ట్రేలో ఉమ్ముతున్నాడు, ఉమ్మి మింగుడుపడక. గొంతు బొంగురు, ఎడమ రెప్ప కొంచెం వాలింది. మింగడానికీ గొంతుకీ నరాలు పంపే న్యూక్లియస్ ఆంబిగ్యుయస్‌ని ఆ తర్వాత నేను మళ్లీ చదవాల్సిన పని పడలేదు. ప్రశ్నలో మింగలేకపోవడం, బొంగురు ఉంటే మెడుల్లా. వాటి బదులు మూతి వంకర, చెవుడు ఉంటే ఐకా (AICA, చిన్నమెదడుకి వెళ్లే ఒక ధమని), లాటరల్ పాన్స్ (మెడుల్లాకి పైన ఉండే పాన్స్ పక్క భాగం).

ఇక రక్తనాళం. అందరూ కళ్లు మూసుకుని పైకా (PICA, చిన్నమెదడుకి వెళ్లే ఇంకో ధమని) టిక్ పెడతారు. నిజానికి ఎక్కువసార్లు మూసుకుపోయేది మెడలోంచి మెదడుకి వెళ్లే వెర్టెబ్రల్ ఆర్టరీయే. రెండూ ఆప్షన్లలో ఉంటే ప్రశ్న నిదానంగా చదవండి. పెద్దవాళ్లలో కారణం అథెరోస్క్లెరోసిస్ (నాళంలో కొవ్వు పేరుకోవడం). చిన్న వయసు, మెడనొప్పి, మెడ విరిపించుకున్న హిస్టరీ ఇస్తే డిసెక్షన్ (నాళం గోడ లోపల చీలడం).

మేనేజ్‌మెంట్ చాలామంది వదిలేస్తారు, మార్కులు మాత్రం అక్కడే ఉన్నాయి. సీటీ నార్మల్ అని స్ట్రోక్ కాదనకూడదు. మొదటి రోజు డిఫ్యూజన్ ఎంఆర్ఐలో కూడా కనబడకపోవచ్చు. థ్రాంబోలిసిస్‌కి (రక్తం గడ్డ కరిగించే మందు ఇవ్వడానికి) గడువు లక్షణాలు మొదలైనప్పటి నుంచి 4.5 గంటలు. స్వాలో టెస్ట్ పాసయ్యేదాకా నోట్లో నీళ్లు కూడా పోయకూడదు, మాత్రలైనా ముక్కులోంచి పొట్టలోకి వేసే రైల్స్ ట్యూబ్‌లోనే. థ్రాంబోలైజ్ చేసిన పేషెంట్‌కి ఆస్పిరిన్ 24 గంటల తర్వాత, అదీ మళ్లీ స్కాన్ తీసి బ్లీడింగ్ లేదని చూశాకే.