అచ్చు సంతకానికి ఆరు వేల ఎనిమిది వందలు

2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు మా అనంతపురం ఆర్డీటీ మైదానంలో జరిగినప్పుడు, ఇంజినీరింగు చదువుతున్న మా మేనల్లుడు కాలేజీ ఎగ్గొట్టి మరీ అక్కడే గడిపాడు. అంతవరకు టీవీలో మాత్రమే చూసిన ఆటగాళ్లు కంచె అవతల తిరుగుతుంటే కలిగిన ఉత్సాహం ఇంటికి వచ్చాక కూడా చల్లారక, ఫోనులోకి చేరి, క్రికెట్ కార్డులు సేకరించేవారి వీడియోలు చూసే అలవాటుగా మారింది. డిగ్రీ కళాశాలలో లెక్కలు చెప్పే నేను, వాడిని మందలించడానికి పక్కన కూర్చుని, వాడికన్నా ముందుగా ఆ వీడియోలకు అలవాటుపడ్డాను. ఆ అలవాటు మూడు నెలల్లో నన్ను వినియోగదారుల హెల్ప్‌లైన్ దాకా ఎలా నడిపించిందో ఇక్కడ రాస్తున్నాను.

మా చిన్నప్పుడు బబుల్‌గమ్ పొట్లంలో వచ్చే ఆటగాళ్ల బొమ్మలను పుస్తకాల మధ్య దాచుకునేవాళ్లం. వాటి మూలలు నలిగాయా లేదా అని ఎవరూ చూడలేదు. మూల నలిగితే విలువ పోతుందని నాకు నేర్పింది ఆ వీడియోలు చేసే ఒక ఇన్‌ఫ్లుయెన్సరే, ఆ విషయంలో ఆయనకు నేను నిజంగానే రుణపడి ఉన్నాను. కార్డును వెలుతురు కింద ఏటవాలుగా పట్టుకుని గీతలు వెతకడం, బొమ్మ చుట్టూ ఉన్న తెల్ల అంచు రెండు పక్కలా సమానంగా ఉందో లేదో చూడడం, అమెరికాలో 1991లో మొదలైన పీఎస్ఏ వంటి సంస్థలు నడిమితనం (బొమ్మ సరిగ్గా మధ్యలో ఉండడం), మూలలు, అంచులు, ఉపరితలం అనే నాలుగింటిని పరిశీలించి 1 నుంచి 10 వరకు మార్కులు వేసి గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి పంపడం, ఇవన్నీ ఆయన చక్కని తెలుగులో, మంచి మాస్టారిలా వివరించాడు. 1909–11 నాటి సిగరెట్ పెట్టెల్లో వచ్చిన హోనస్ వాగ్నర్ బేస్‌బాల్ కార్డు కథా, 2022 ఆగస్టు వేలంలో 1.26 కోట్ల డాలర్లు, అంటే ఆనాటి లెక్కన దాదాపు వంద కోట్ల రూపాయలు పలికిన 1952 నాటి మికీ మాంటిల్ కార్డు కథా నేను మొదట విన్నది ఆయన నోటే.

అయితే ఆ కథల్లో ఆయన చెప్పకుండా వదిలేసిన భాగం ఒకటుంది. కరోనా కాలంలో ఇళ్లలో కూర్చున్న జనం కార్డుల మీద పడినప్పుడు, అమెరికాలో గ్యారీ వేనర్‌చక్ వంటి పేరున్నవారు ఇది పెట్టుబడి అని గట్టిగా చెప్పినప్పుడు ధరలు ఆకాశాన్నంటాయి. వచ్చిపడిన కార్డులకు మార్కులు వేయలేక పీఎస్ఏ 2021 మార్చిలో తన సేవల్లో చాలావాటిని కొంతకాలం ఆపేసింది. మే నెలలో అక్కడి టార్గెట్ అనే పెద్ద దుకాణాలు భద్రత కోసమని కార్డుల అమ్మకాన్నే నిలిపివేశాయి. ఆ తరువాత కొత్త ఆటగాళ్ల కార్డులు ఎన్నో నేలకు దిగాయి. ఎక్కినప్పటి ధరలు వీడియోల్లో ఇప్పటికీ వినిపిస్తాయి, దిగినప్పటివి మాత్రం ఎవరో అడిగితే తప్ప బయటికి రావు.

ఇంకొక సంగతిని నేను రెండు వారాలు వరుసగా ధరలు రాసుకుని గమనించాను. మన దేశంలో క్రికెట్ కార్డులు కొనేవారూ అమ్మేవారూ తక్కువ కావడం వల్ల, ఒక యువ ఆటగాడి తొలి కార్డు, అంటే రూకీ కార్డు, ఏ సమయంలో చూసినా అమ్మకానికి ఐదో ఆరో మాత్రమే ఉంటాయి. ఒక వీడియో చూసి ముప్పైమంది ఒకేసారి ఎగబడితే ఆ సాయంత్రానికే ధర రెట్టింపవుతుంది, అందువల్ల చెప్పినవాడి జోస్యం నిజమైనట్లు కనిపిస్తుంది. ఆ కార్డులను ఆయన ముందుగానే కొని పెట్టుకున్నాడా అని నేను అడిగినప్పుడు మా వాడు నవ్వి, "మామా, ఆయప్ప చెప్తే రేటు పెరుగుతాది, అంతే" అన్నాడు. వాడికి అది ఆయన తెలివికి నిదర్శనం. నాకు మాత్రం అప్పుడే అనుమానం రావలసింది, రాలేదు.

అక్టోబరులో 'బ్రేక్' అనే దానిలో చేరాను. విదేశంలో అచ్చయిన కార్డుల డబ్బాను ఆయన లైవ్‌లో విప్పుతాడు, పది జట్లను పదిమందికి ఒక్కొక్కటి పదిహేను వందలకు అమ్ముతాడు, ఎవరి జట్టు కార్డులు వారివి. పదిహేను వేలు వసూలైన ఆ డబ్బా ధర బయట తొమ్మిది వేలని తరువాత చూసుకున్నాను. ఇది లాటరీ లెక్కే అని పిల్లలకు పాఠం చెప్పే మనిషిని, పొట్లం చింపుతున్న చప్పుడుకు, 'వచ్చింది, వచ్చింది' అన్న ఆయన కేకకు, లెక్క మరిచిపోయాను. నా వంతుకు నాలుగు మామూలు కార్డులు వచ్చాయి.

ఆ నష్టం పూడ్చుకోవాలన్న తొందరలోనే అదే లైవ్‌లో అమ్మకానికి పెట్టిన 'ఆటోగ్రాఫ్' కార్డును ఆరు వేల ఎనిమిది వందలకు కొన్నాను. ఆయన దానిని కెమెరా ముందు తిప్పి చూపిస్తూ, ఆటగాడు స్వయంగా చేసిన సంతకమని రెండుసార్లు అన్నాడు. వారం తరువాత కొరియర్‌లో వచ్చిన కార్డు చేతిలోకి తీసుకోగానే ఏదో తేడాగా అనిపించి, పాతూరులో నాకు పరిచయమున్న కంసాలి దగ్గరకు తీసుకువెళ్లాను. ఆయన నగల రాళ్లు చూసే భూతద్దం కంటికి బిగించి అర నిమిషం చూశాక, "పెన్నుతో రాసింది కాదు సార్ ఇది, అచ్చు. మీరే చూడండి" అని అద్దం నా చేతికిచ్చాడు. పెన్ను సిరా అయితే గీత ఎక్కడా తెగకుండా, కాగితం పైన పూతలా మెరుస్తూ ఉంటుంది. ఇక్కడ సంతకంలోని నల్లగీత, ఆటగాడి చొక్కాలోని నీలిరంగు ఎలా ఉందో అలాగే, సన్నని చుక్కల వరుసగా విడిపోయి కనిపించింది.

బిల్లు మీద పేరున్న దుకాణానికి ఈమెయిలు రాస్తే, అది 'ఆటోగ్రాఫ్ ఎడిషన్' అనీ, సంతకం అచ్చువేసినదని వివరణలో ఉందనీ జవాబు వచ్చింది. వివరణ అడుగున, మడత విప్పితే తప్ప కనిపించని చోట, ఆ మాట నిజంగానే ఉంది. ఆ దుకాణంలో ఇన్‌ఫ్లుయెన్సర్‌కు వాటా ఉందని దాని వెబ్‌సైటులోని 'మా గురించి' పేజీ చదివినప్పుడే నాకు తెలిసింది. ఏ వీడియోలోనూ ఆయన ఆ ముక్క చెప్పలేదు. అప్పటికి లైవ్‌ను తీసేశారు కూడా. మా వాడు తన స్నేహితులకు చూపించాలని ఆ లైవ్‌ను ఫోనులో రికార్డు చేసి ఉంచడం నా అదృష్టం.

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ఒక వస్తువును మెచ్చుకునే వ్యక్తికి ఆ వ్యాపారంతో సంబంధం ఉంటే ఆ సంగతి బయటపెట్టి తీరాలి. 2023 జనవరిలో వచ్చిన వివరణ పత్రం ఇంకొంచెం ముందుకు వెళ్లి, ఆ ప్రకటన చూపరి కన్ను దాటిపోకుండా, చెప్పే భాషలోనే ఉండాలనీ, లైవ్ అయితే మొదటి నుంచి చివరి దాకా తెర మీద కనిపిస్తూనే ఉండాలనీ అంటుంది. తప్పుదారి పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి పది లక్షల దాకా జరిమానా వేయవచ్చు. ఇవన్నీ చదివాక వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు ఫోను చేశాను. తెలుగులోనే మాట్లాడారు. చెల్లింపు నంబరు, బిల్లు, భూతద్దంలోంచి తీసిన ఫోటో, లైవ్ రికార్డులో 'స్వయంగా చేసిన సంతకం' అన్న నిమిషం, వారి జవాబు, అన్నీ వరుసగా జతచేయమని చెప్పి ఫిర్యాదు సంఖ్య ఇచ్చారు. హెల్ప్‌లైన్ తీర్పు ఇచ్చే చోటు కాదు, ఫిర్యాదును అవతలివారికి పంపి సమాధానం రాబట్టే చోటు. అందువల్ల, తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తానని, కొన్నవాడు తానుండే ఊళ్లోనే కేసు వేసుకోవచ్చని, ఐదు లక్షల లోపు కొనుగోలుకు రుసుము కూడా లేదని రాసి, దుకాణానికి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం కూడా పంపాను. ఆ ఉత్తరమే ఎక్కువ పని చేసిందని నా నమ్మకం.

పంతొమ్మిదో రోజున కార్డు వెనక్కి పంపమని, ఆరు వేల ఎనిమిది వందలూ తిరిగి ఇస్తామని సందేశం వచ్చింది, డిసెంబరు రెండో వారంలో ఇచ్చారు కూడా. బ్రేక్‌లో పెట్టిన పదిహేను వందలు రాలేదు, అడగడానికి నాకు నోరు కూడా రాలేదు, ఎందుకంటే అక్కడ చెప్పినట్లే జరిగింది. ఇన్‌ఫ్లుయెన్సర్ తరువాతి వీడియోల్లో మూలన 'ప్రకటన' అనే మాట కనిపిస్తున్నదని మా వాడు చెప్పాడు, నేను చూడలేదు. వాడు మాత్రం ఇప్పటికీ చూస్తున్నాడు, చూడవద్దని నేనూ అనలేదు, మూలలూ అంచులూ చూడడం ఆయనకన్నా బాగా చెప్పేవారు నాకు తెలుగులో ఇంకా దొరకలేదు.

నాలుగు మామూలు కార్డులూ మా వాడి దగ్గరే ఉన్నాయి. భూతద్దం నా బీరువాలోనే ఉండిపోయింది, కంసాలి దాని కోసం ఇప్పటికే రెండుసార్లు కబురు పంపాడు.