జిమ్మీ తుంటి నొప్పి, నాలుగు పీవీసీ పైపులు

కుక్కకి ఎక్సర్‌సైజులేంటి అని నవ్వేవాళ్లు ముందే నవ్వేసుకోండి, తిరుపతిలో మా కొర్లగుంటలో సగం వీధి ఇప్పటికే నవ్వేసింది.

మా జిమ్మీ పదకొండేళ్ల ల్యాబ్రడార్, ఆడకుక్క. పోయిన చలికాలం నుంచి పొద్దున పూట లేవడానికి తెగ అవస్థ పడేది. ముందు కాళ్ల మీద ఛాతీ ఎత్తి, వెనక భాగాన్ని ఈడ్చుకుంటూ, ఆగి, మళ్లీ ఈడ్చుకుని ఎలాగో నిలబడేది. కాసేపు తిరిగాక సర్దుకునేది. పరిగెత్తేటప్పుడు మాత్రం వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతేది, హాల్లో టైల్స్ మీద ఆ కాళ్లు చెరో పక్కకీ జారిపోయి కూలబడేది, అలా కూలబడ్డప్పుడు మా వైపు చూసే చూపు ఉంటుంది చూడండి, అది చూళ్లేక నేను పక్క గదిలోకి పోయేదాన్ని. ఎదురింటి అక్క "వయసైపోయిండాది కదమ్మా, ఊరికే పడుకోనీండి, దాన్ని తిప్పొద్దండి" అంది. మా ఆయనా అదే మాట. మా అత్తయ్య ఇంకో అడుగు ముందుకేసి, తన మోకాళ్ల నొప్పుల మాత్ర సగం విరిచి పెరుగన్నంలో కలిపి పెడదామంది.

ఆ మాత్ర పెట్టనివ్వలేదు, ఎందుకో ఇక్కడే చెప్పేస్తాను. మనం వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కుక్కల కడుపులో పుండ్లు చేస్తాయి, రక్తం పోతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. పారాసిటమాల్ మోతాదు దాటితే లివర్‌కి ముప్పు. కుక్కలకి వాడే నొప్పి మందులు వేరే ఉన్నాయి, అవి కూడా రక్త పరీక్ష చూసి, బరువు తూచి డాక్టరే రాయాలి. "సగమే కదా" అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

తిరుపతిలో ఉన్నందుకు ఒక సుఖం ఏంటంటే వెటర్నరీ కాలేజీ ఊళ్లోనే ఉంది. 1955 నుంచీ ఉంది, 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వచ్చాక దాని కిందికి వెళ్లింది. అక్కడ ఆవులు, మేకలు, ఒడిలో కోడిని పెట్టుకున్న పెద్దాయన, వీళ్లందరి మధ్య మేమూ కూర్చున్నాం. డాక్టరమ్మ ముందు రక్తం తీయించింది. కాళ్ల నొప్పంటే ఎముకలే అనుకోనక్కర్లేదట, పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్‌లో కూడా కీళ్లు వాచి కుంటుతాయట, మన వైపు పిడుదులకి కొదవ లేదు కాబట్టి అది తేల్చుకోకుండా ముందుకు పోకూడదంది. అది లేదని తేలాక ఎక్స్‌రే. తుంటి దగ్గర తొడ ఎముక తల గుండ్రంగా గిన్నెలో ఇమిడి ఉండాలి కదా, జిమ్మీకి పెరిగే వయసు నుంచే ఆ గిన్నె లోతు తక్కువ. ఇన్నేళ్లూ కీలు అటూ ఇటూ కదిలి కదిలి అరిగిపోయింది, అంచుల్లో ఎముక గరుకుగా పెరిగింది.

తర్వాత ఆవిడ చెప్పిన మాట నా బుర్రలో బాగా పడింది. కుక్క ఒంటి బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్లే మోస్తాయట. వెనక నొప్పి మొదలైతే ఉన్న బరువు కూడా ముందుకే తోసేస్తుంది. వాడని కండ కరిగిపోతుంది, కండ కరిగితే కీలుకి ఆసరా ఉండదు, ఆసరా లేకపోతే నొప్పి ఇంకా ఎక్కువ. "మీరు పడుకోబెట్టే కొద్దీ ఇది లేవలేదమ్మా" అని జిమ్మీ తొడ నా చేతికి అందించింది. బొచ్చు వల్ల బయటికి తెలియదు గానీ చేత్తో పట్టుకుంటే తోలు కింద ఎముకే. అదే ఛాతీ, భుజాలు చూస్తే పహిల్వాన్.

ముందు నొప్పి తగ్గించే సిరప్, దాంతో పాటు బరువు తగ్గించడం, నొప్పి అదుపులోకి వచ్చాకే వ్యాయామం. ఈ వరస మార్చొద్దని గట్టిగా చెప్పింది, నొప్పితో చేయిస్తే అది మళ్లీ ముందు కాళ్ల మీదే నెట్టుకొస్తుందట. అప్పటికి జిమ్మీ 36 కిలోలు. బరువు మాట వచ్చినప్పుడు అమెరికాలో చేసిన ఒక అధ్యయనం గురించి చెప్పింది. 48 ల్యాబ్రడార్లని చిన్నప్పటి నుంచీ చివరి దాకా గమనించారట, నాలుగో వంతు తక్కువ తిండి తిన్నవి రెండో గుంపు కంటే దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయట, వాటికి కీళ్లవాతం కూడా చాలా ఆలస్యంగా వచ్చిందట. అది విన్నాక మా ఇంట్లో మారీ బిస్కెట్ల డబ్బా అటక ఎక్కింది. బదులుగా కీరదోస ముక్కలు, క్యారెట్, ఉప్పు లేకుండా ఉడికించిన చికెన్ గోరంత ముక్కలు. మా అత్తయ్య దొంగచాటు పెరుగన్నం మాన్పించడానికే అన్నిటికంటే ఎక్కువ టైం పట్టింది, నిజం చెప్పాలంటే ఇప్పటికీ పూర్తిగా మానలేదేమోనని నా అనుమానం.

వ్యాయామం కంటే ముందు నేల. జారే నేల మీద ఏం చేయించినా నష్టమే. హాల్లో అది తిరిగే దారంతా రబ్బరు మ్యాట్లు, చాలని చోట గోనెపట్టలు కుట్టి పరిచాను, చుట్టాలొచ్చినప్పుడు చూడ్డానికి బియ్యం మండీలా ఉందన్నారు, అననీండి. పెరట్లో మాత్రం పాత కడప బండలు, గరుకుగా ఉంటాయి, వ్యాయామాలన్నీ అక్కడే. గోళ్లు కత్తిరించి, పాదాల కింద పెరిగిన బొచ్చు తీసేస్తే పట్టు ఇంకా బాగా దొరుకుతుంది.

బెల్ట్ పట్టుకుని నెమ్మదిగా ఐదు నిమిషాలు నడిపించాకే ఏదైనా మొదలు పెడతాం. మొదటిది కూర్చుని లేవడం. వినడానికి ఏముంది అనిపిస్తుంది గానీ వెనక కాళ్ల కండకి ఇదే అసలు పని. చిక్కేంటంటే నొప్పున్న కుక్క ఒక కాలు పక్కకి చాపేసి సోమరిగా కూర్చుంటుంది, లేచేటప్పుడు ముందు కాళ్లతో లాక్కుంటుంది. అందుకే నొప్పి ఎక్కువున్న కాలు గోడ వైపు ఉండేలా నిలబెట్టి, ముక్కు దగ్గర చికెన్ ముక్క పెట్టి తిన్నగా కూర్చోబెట్టేదాన్ని. మొదట్లో పూర్తిగా కింద దాకా కూర్చోలేకపోయింది, అప్పుడు వెనకాల మందపాటి దిండు వేసి దాని మీదికి కూర్చోబెట్టాను, తర్వాత పల్చటి దిండు, తర్వాత నేల. ఐదుసార్లు తిన్నగా చేస్తే చాలు, ఇరవై సార్లు వంకరగా చేయించి లాభం లేదు.

రెండోది పీట. భోజనాలకి కూర్చునే చెక్కపీట ఉంటుంది కదా, దాని మీద ముందు కాళ్లు రెండూ పెట్టించి కాసేపు అలాగే నిలబెట్టడం. అంతే, బరువు దానంతటదే వెనక్కి పోతుంది. పీట జారకుండా కింద గోనెపట్ట తప్పనిసరి. అలా నిలబడి ఉండగా నడుము పక్కన అరచేత్తో మెల్లగా అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నొక్కితే పడిపోకుండా తనే కాళ్లు బిగిస్తుంది. ఆ బిగింపే మనకి కావాల్సింది.

ఇక పైపులు. నాలుగు పీవీసీ పైపులు, ఒక్కోదానికీ మధ్య జిమ్మీ భుజం ఎత్తంత దూరం, ముందు నేల మీదే పెట్టి వాటి మీదుగా నడిపించాను. పరిగెత్తకూడదు, దూకకూడదు, ఒక్కో కాలూ ఎత్తి ఎత్తి వేయాలి. మొదటి వారాల్లో వెనక కాళ్లు పైపుకి తగిలి దొర్లించేసేది. బాగా కుదిరాక పైపు చివరలు పడుకోబెట్టిన ఇటుకల మీద పెట్టాను, అంతకన్నా ఎత్తు పెంచలేదు. వీటికి తోడు మంచానికీ గోడకీ మధ్య సందులో వెనక్కి నాలుగడుగులు నడిపించడం, నిలబడే ఉండి తిండి ముక్క కోసం మెడ తిప్పి ముక్కు తుంటి దాకా తెచ్చుకోవడం. బంతి విసరడం, స్కూటర్ మీంచి దూకడం, మేడ మెట్లు, ఈ మూడూ బంద్.

ఎంత చేయించాలి అనేదానికి నాకు తెలిసిన కొలత మరుసటి పొద్దున. ఆ పొద్దున లేవడం మామూలుగా ఉంటే నిన్నటి మోతాదు సరైనదే. బిగుసుకుపోయి లేస్తే సగానికి తగ్గించడమే, చేసేటప్పుడు ఎంత హుషారుగా తోక ఊపినా సరే. ల్యాబ్రడార్‌ది తిండి యావ, చికెన్ ముక్క కనబడితే కాలు విరిగినా కూర్చుని లేస్తుంది, దాని ఉత్సాహాన్ని నమ్మొద్దు.

మా ఇంట్లో అసలు తమాషా మా అత్తయ్య. తన మోకాళ్లకి ఫిజియో చెప్పిన వ్యాయామాలు ఒక్కటీ చేయదు గానీ, పెరట్లో కుర్చీ వేసుక్కూర్చుని "ఏయ్, సరిగ్గా కూర్చోలేదది, మళ్లీ చేయించు" అని నాకు ఆర్డర్లు. మీరూ చేయొచ్చు కదా అత్తయ్యా అంటే "నాకెవరు పెడతారే చికెన్" అంటుంది.

ఫలితం మాత్రం తొందరగా రాలేదు. నెల గడిచినా ఏమీ కనబడక టెన్షన్ పడ్డాను. బ్లౌజులు కొలిచే టేపుతో తొడ చుట్టుకొలత రాసి పెట్టుకోమంది డాక్టరమ్మ, ఆ అంకె కదలడం మొదలైనప్పుడే నాకు నమ్మకం కుదిరింది. వేసవి వచ్చేసరికి ఒక్క ఊపులో లేచేది. బరువు 31కి దిగింది. ఆ ఎండల్లో వాకింగ్ తెల్లవారకముందే, రోడ్డు మీద మన చేతి వెనక భాగం ఆనించి ఉంచలేకపోతే దాని పాదాలకీ అంతే. మధ్యలో ఒకసారి ప్రహరీ మీద పిల్లిని చూసి ఎగిరి, మళ్లీ కుంటింది. కొన్ని రోజులు సిరప్, చిన్న నడక మాత్రమే, తర్వాత పైపులు మళ్లీ నేల మీదికి.

అరిగిన తుంటి బాగవదు, అది ముందే చెప్పారు. ఇక్కడ అక్టోబరు నుంచి వానలు పట్టాయంటే తేమకి మళ్లీ కాస్త బిగుసుకుంటుంది, అప్పుడు గుడ్డలో చుట్టిన వేడినీళ్ల బ్యాగు తుంటి మీద పది నిమిషాలు పెట్టాకే నడక. ఇంకో సంగతి, మీ కుక్క వెనక పాదం మడతపడి పైభాగం నేలకి రాసుకుంటున్నా, గోళ్లు ఈడ్చిన చప్పుడు వస్తున్నా ఇవేవీ మొదలెట్టకండి. అది నరాల గొడవ కావచ్చు, ముందు డాక్టరు చూడాలి.