పాల రంగు రక్తం

"ఊట మాడ్కొండ్ బంద్రా సార్?" అంది ల్యాబ్ అమ్మాయి. తినొచ్చారా అని. నిన్న రాత్రి తొమ్మిది తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదన్నా నమ్మకుండా ట్యూబ్ ఎత్తి చూపించింది. అడుగున ఎర్రగా పేరుకుంది. పైన లేత పసుపుగా తేటగా ఉండాల్సింది, నీళ్లు కలిపిన పాలలా తెల్లగా ఉంది.

ట్రైగ్లిజరైడ్స్, అంటే రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు, 486. నూటయాభై లోపు ఉండాలట. ఎల్‌డీఎల్, అదే చెడు కొలెస్ట్రాల్ దగ్గర అసలు అంకే లేదు. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే మామూలు సూత్రంతో లెక్క కుదరదట, దానికి విడిగా ఇంకో పరీక్ష. అది 158 వచ్చింది.

బెంగళూరు మారతహళ్లిలో మా డాక్టరుగారు తెలుగాయనే. ఏడాదిగా నెయ్యి మానేశానండీ అని కాస్త గర్వంగానే చెప్పాను. "అన్నం ఎన్నిసార్లు పెట్టించుకుంటారు?" అన్నారు. ఆంధ్రా మెస్‌లో లెక్కెవడు పెడతాడు! పప్పుకో విడత, పులుసుకో విడత, పెరుగుకి మళ్లీ. శనివారం బీరు సంగతి ఆయన అడిగితేగానీ చెప్పలేదు. మిగిలిపోయిన పిండిపదార్థాన్నీ, చక్కెరనీ లివర్ ఈ కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుందట. మందు తాగితే ఇంకా ఎక్కువ.

అటార్వాస్టాటిన్ 20 రాశారు. ఇది ముఖ్యంగా ఎల్‌డీఎల్‌కి, గుండె కోసం. పనిలో పనిగా ట్రైగ్లిజరైడ్స్‌నీ కొంత దించుతుంది, మిగతాది మీ కంచంలోనే తగ్గాలి అన్నారు. అవి 500 దాటితే పాంక్రియాస్ (క్లోమగ్రంథి) వాచే భయం ఉంటుందట, అప్పుడు ఫెనోఫైబ్రేట్ అనే ఇంకో మందు సంగతి చూద్దామన్నారు.

మూడో వారంలో తొడలు పట్టేశాయి. ఆఫీసు దగ్గర ఫుట్‌ఓవర్ బ్రిడ్జి ఎక్కాలంటే కమ్మీ పట్టుకోవాల్సి వచ్చేది. ఒంగోలు నుంచి అమ్మ ఫోన్లో, "ఆ బిళ్లలు అవతల పారెయ్ రా, మెంతులు నానబెట్టుకుని తాగు" అంది. ఎవర్నీ అడక్కుండా పది రోజులు ఆపేశాను. నొప్పి తగ్గింది. డాక్టరుగారికి చెబితే గట్టిగానే పడ్డాయి. ఆపే ముందు ఒక్క ఫోన్ చేయొచ్చుగా అన్నారు. కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే సీకే అనే రక్తపరీక్ష చేయించారు, మామూలుగానే ఉంది. మందు మార్చి రోసువాస్టాటిన్ 5 ఇచ్చారు. నొప్పి మళ్లీ రాలేదు.

ట్రైగ్లిజరైడ్స్ మూడు నెలలకి 214, తర్వాత 163. అన్నం ఒక్క విడతే ఇప్పుడు. బీరు పోయింది, అదే కష్టంగా ఉంది. బిళ్ల మాత్రం రోజూ వేసుకుంటున్నా. అమ్మకి మెంతులు తాగుతున్నాననే చెప్పాను.