పౌండ్లు పోసి మనింటినే చూసొచ్చాం

"లివర్‌పూల్ వెళ్దాం నాన్నా" అని మావాడు అంటే ఓడరేవు చూపిస్తాడనుకున్నాను. విశాఖలో ఆరేళ్లు ఉద్యోగం చేసినవాణ్ణి, రేవంటే నాకు ఇష్టం. తీరా చూస్తే వాడు టికెట్లు కొన్నది ఒక ఇంటికి. గుడీ కాదు, కోటా కాదు. బీటిల్స్ అనే పాటల బృందంలోని జాన్ లెనన్ చిన్నప్పుడు పెరిగిన ఇల్లట. మావాడికి ఇంటర్ నుంచీ ఆ పిచ్చి ఉంది. ఎంతరా అని అడిగాను, చెప్పాడు. పౌండుని రూపాయల్లోకి గుణించే జబ్బు నాకింకా తగ్గలేదు. నలుగురికీ కలిపి లెక్కేస్తే గుంటూరులో మాకు రెండు నెలల కిరాణా.

పొద్దున ఎక్కాల్సిన రైలు రద్దయింది. తర్వాతి దాంట్లో మాంచెస్టర్ నుంచి నిలబడే వెళ్లాం. ఈ రెండు ఊళ్ల మధ్య 1830లోనే రైలు వేశారు కదా, అప్పటికంటే ఇప్పుడేం బాగుపడిందిరా అంటే మా కోడలు నవ్వింది.

ఆ ఇంటికి సొంతంగా వెళ్లి లోపలికి పోవడానికి లేదు. వాళ్ల మినీబస్సులోనే వెళ్లాలి. బస్సులో పదిహేనుమందిమి. నా పక్కన ఒక జపాన్ ఆవిడ, ఇంకా ఇల్లు రాకముందే కళ్లు తుడుచుకుంటోంది. నేనేమో టిఫిన్ అరగక కిటికీ బయటికి చూస్తున్నాను.

బస్సు మెన్‌లవ్ అవెన్యూలోకి తిరిగేసరికి మాత్రం నిద్రమత్తు వదిలింది. ముప్పై ఒక్క ఏళ్లు రోడ్లు భవనాల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశాను. మంచి రోడ్డు కనిపిస్తే తల దానంతటదే తిరుగుతుంది. రెండు వైపులా వెడల్పాటి దారి, మధ్యలో గడ్డీ చెట్లూ. ఆ గడ్డి మీద ఒకప్పుడు ట్రాములు నడిచేవట. ట్రాముకి ఇలా గడ్డిలో విడిగా దారి ఇచ్చే పద్ధతిని ఈ ఊరికి తెచ్చింది సిటీ ఇంజనీరు జాన్ బ్రాడీ. పేరు వినగానే గుంటూరులో మా బ్రాడీపేట గుర్తొచ్చి ఉలిక్కిపడ్డాను కానీ, ఈయన వేరు. ఫుట్‌బాల్ గోలుకి వల కట్టాలన్న ఆలోచన ఈయనదే. 1912లో కొత్త ఢిల్లీకి స్థలం చూసి ప్లాను చెప్పడానికి వచ్చిన కమిటీలో ఆర్కిటెక్టు లుట్యెన్స్‌తో పాటు ఉన్నాడు కూడా. ఇలాంటి ఇంజనీర్ల గురించి బస్సులో పాటలు వేయరు.

251వ నంబరు ముందు ఆపారు. దిగాం. మా ఆవిడ ఒక్క క్షణం చూసి, నా మోచెయ్యి పట్టుకుని మెల్లగా అంది. "ఏమండీ, ఇది మన ఇల్లే కదూ?"

నిజంగానే మా ఇల్లే. అంటే మాంచెస్టర్ పక్కన సేల్ అనే ఊళ్లో మావాడు అద్దెకుంటున్న ఇల్లు. రెండు వారాలుగా నేను తింటున్నదీ పడుకుంటున్నదీ అలాంటి ఇంట్లోనే. ఒకే కప్పు కింద అద్దంలో బొమ్మల్లా రెండిళ్లు, మధ్యలో ఉమ్మడి గోడ. ముందు గదికి కడుపులా బయటికి వచ్చిన బే విండో, దాని పైన మేడ గదికీ అలాంటిదే. కిటికీ పై అరల్లో సీసం కమ్మీల మధ్య రంగు అద్దాలు. లోపలికి వెళ్లకముందే మా కోడలికి ప్లాను చెప్పేశాను. తలుపు తియ్యగానే హాలు, మెట్లు. ముందు ఒక గది, వెనక ఒక గది, పక్కన వంటిల్లు. పైన రెండు పెద్ద గదులు, తలుపు నెత్తిన ఒక చిన్న గది. దాదాపు తప్పు పోలేదు. వెనకవైపు ఒక గది మాత్రం నా లెక్కలోకి రాలేదు, దాని సంగతి తర్వాత.

ఈ ఇల్లు కట్టింది 1933లో. మొదటి ప్రపంచయుద్ధానికీ రెండోదానికీ మధ్య ఇరవై ఏళ్లలో ఇంగ్లండు, వేల్స్‌లలో సుమారు 40 లక్షల ఇళ్లు లేచాయి. అందులో పది లక్షలకు పైగా కౌన్సిళ్లు, అంటే అక్కడి మునిసిపాలిటీలు, కట్టి అద్దెకిచ్చినవి. మిగతావి ఎక్కువగా బిల్డర్లు పొలాలు కొని, ఒకే నమూనా వేసి, వరసగా కట్టి అమ్మినవి. 1930ల్లో వడ్డీ తగ్గింది, కొద్దిపాటి డిపాజిట్ కడితే బిల్డింగ్ సొసైటీలు అప్పిచ్చాయి, గుమాస్తాలూ టీచర్లూ సొంతింటివాళ్లయ్యారు. బే విండో గుట్టు కూడా అక్కడే ఉంది. కౌన్సిల్ ఇళ్లకి ఖర్చు తగ్గించడానికి ముఖం చదునుగా కట్టేవారు. కాబట్టి బిల్డరు ఇంటికి బే పెట్టేవాడు, పైన ముక్కోణం మీద ఉత్తుత్తి కర్రదూలాలు అతికించేవాడు. ఆ దూలాలు ఏ బరువూ మొయ్యవు. ఇది అద్దె ఇల్లు కాదు, సొంతం అని వీధికి చెప్పడమే వాటి పని. మన దగ్గర గేటు స్తంభాల మీద సింహాలు పెట్టించుకోమూ?

ఉమ్మడి గోడ దగ్గర మాత్రం నాకు మా తాతగారి మండువా లోగిలి గుర్తొచ్చింది. నాన్నా, బాబాయీ వాటాలు పంచుకున్నప్పుడు సరిగ్గా మండువా మధ్యలోంచి గోడ లేపారు. దూలం అటు సగం ఇటు సగం. ఆ గోడ కోసం ఏడేళ్లు మాటల్లేవు. ఇక్కడివాళ్లు ముందే వాటా గోడతోనే కట్టేసుకుని, అటువాళ్లూ ఇటువాళ్లూ వాతావరణం గురించి మాట్లాడుకుంటూ బతికేస్తున్నారు. తెలివైనవాళ్లు.

గైడు మమ్మల్ని ముందు తలుపులోంచి కాకుండా వెనక వంటింటి వాకిలిలోంచి తీసుకెళ్లింది. జాన్ కూడా అలాగే వచ్చేవాడట, పెద్దమ్మ మిమీ ఆజ్ఞ. ఇంగ్లీషులో ఆంటీ అనేస్తారు కానీ, ఆవిడ జాన్ వాళ్లమ్మ జూలియాకి అక్క, పెద్దమ్మే. పెదనాన్న జార్జ్‌ది పాల వ్యాపారం చేసే కుటుంబం. ఐదేళ్లప్పుడు వచ్చిన పిల్లవాణ్ణి వీళ్లిద్దరే పెంచారు. "అత్తయ్యగారూ అంతేగా, కాళ్లు కడుక్కుని పెరటి గుమ్మంలోంచి రమ్మనేవారు" అంది మా ఆవిడ, మా అమ్మని తలచుకుని.

వంటింటి పక్కన ఇంకో చిన్న గది. ఇదే నా లెక్క తప్పింది. గోడమీద పనివాళ్లని పిలిచే గంటల పెట్టె ఉంది. ఏ గదిలో మీట నొక్కారో చూపించేది. ఇంత ఇంటికి పనిమనిషా అని నవ్వొచ్చింది. ఇక్కడ అరిస్తే మేడమీద వినిపిస్తుంది. బిల్డరు అమ్మినది పేరుకి ఇల్లు, అసలు సరుకు హోదా. ఇంటికి నంబరుతో పాటు మెండిప్స్ అని ఒక కొండల పేరు కూడా ఉంది. అంత హోదా ఇంట్లో, 1955లో జార్జ్ పోయాక మిమీ గదులు విద్యార్థులకి అద్దెకిచ్చి నెట్టుకొచ్చింది. బ్రాడీపేటలో ముందు గదులు కోచింగ్ పిల్లలకిచ్చి పిల్లల్ని చదివించుకున్న ఆవిడలు నాకు ముగ్గురు తెలుసు.

పైకెక్కాం. తలుపు నెత్తిన చిన్న గది. సన్నటి మంచం, గోడమీద పాటగాడు ఎల్విస్, సినిమా తార బ్రిజిట్ బార్డో బొమ్మలు. ఒకరి తర్వాత ఒకరు వెళ్లి చూసి రావాలి. ఫొటోలు తియ్యకూడదు. జపాన్ ఆవిడ లోపల చాలాసేపు ఉంది. నా వంతు వచ్చినప్పుడు నేను చేసిన పని చెబితే మావాడు కోప్పడతాడు. జానలతో కొలిచాను. సేల్‌లో నాకిచ్చిందీ ఆ గదే. గురక పెడతానని మా ఆవిడ మనవరాలి దగ్గర పడుకుంటుంది, నేను సూట్‌కేసుల పక్కన. మంచం దిగితే మోకాలు గోడకి తగులుతుంది. రెండు వారాలుగా ఆ గదిని రోజుకోసారి తిట్టుకుంటున్నాను. ఇక్కడ అలాంటి గదే చూసి మనుషులు ఏడుస్తున్నారు.

చివరికి ముందు తలుపు తెరిచి పోర్చిలో నిలబెట్టారు. అద్దాలూ గట్టి నేలా, ఇద్దరు నిలబడితే నిండిపోతుంది. గిటారు మోత భరించలేక మిమీ బయటికి తోలేస్తే, జాన్, అదే బృందంలోని పాల్ మకార్ట్‌నీ ఇక్కడే వాయించుకునేవారు. గిటారు సరే, దాంతో పొట్ట గడవదురా అనేదట ఆవిడ. నాకు పాట రాదు, దగ్గాను. దగ్గు గుండ్రంగా తిరిగి నా చెవిలోకే వచ్చింది. ఇంతసేపూ నన్ను పట్టించుకోని మావాడు అప్పుడు నవ్వాడు.

జూలియా ఈ గేటు దాటి వెళ్తూనే 1958 జులైలో కారు గుద్ది పోయింది. ట్రాములు అంతకుముందే ఆగిపోయాయి, పాత పట్టాల మీద పెరిగిన కంచెపొదల్లోంచి రోడ్డు దాటబోయింది. పొద్దున అంత ముచ్చటపడి చూసిన రోడ్డే అది. గైడు చెబుతుంటే నేను అటు చూడలేకపోయాను.

అక్కణ్ణుంచి ఫోర్త్‌లిన్ రోడ్డులో పాల్ ఇంటికి. యుద్ధం తర్వాత కట్టిన కౌన్సిల్ ఇల్లు. "బే లేదు" అంది మా ఆవిడ దిగగానే. పాఠం బాగా ఒంటబట్టింది. మెండిప్స్‌ని 2002లో జాన్ భార్య యోకో ఓనో కొని, పాత కట్టడాలని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి ఇచ్చింది. పదేళ్లకి రెండిళ్లనీ రక్షిత కట్టడాల జాబితాలో చేర్చారు. మా మండువా దూలాలు ఎవరి హోటల్ అలంకరణలోకి వెళ్లాయో నాకు తెలియదు.

సేల్ చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. పోర్చిలో బూట్లు విప్పుతూ మావాడు ఏదో కూనిరాగం తీశాడు. ఆ అద్దాల మధ్య అది కూనిరాగంలా లేదు, బాగా పెద్దగా వినిపించింది.

"నెమ్మదిరా, పక్కింటివాళ్లు పడుకుని ఉంటారు" అని వాళ్లమ్మ లోపల్నుంచి కసిరింది.