మాటు ఊడిన గిన్నె, కొలత తగ్గిన మానిక

జుమేరాత్ బజార్‌కి ఇది నా నాలుగో గురువారం. హైదరాబాద్ పురానాపూల్ దగ్గర రోడ్డు పక్కన పట్టాలు పరిచి అమ్మే పాత సామానులో, నగిషీలు చెక్కిన తళతళలాడేవాటి వైపు నేను పోను. వాటి ధర ఎలాగూ మనకు అందదు. నేను వెతికేది చిల్లికి మాటు (లోహపు అతుకు) వేసినవి, సొట్ట తీసినవి. ఎవరో వాడుకుని, పాడైతే పారేయకుండా బాగు చేయించుకున్న సామాను.

ఈసారి ఇంటికొచ్చినవి: 2 కిలోల 100 గ్రాముల ఇత్తడి గుండుగిన్నె (1,300 రూపాయలు), గింజలు కొలిచే పాత కొలపాత్రలు ఒక మానిక, ఒక సోల (రెండూ కలిపి 900), తిరగలి పైరాయి ఒక్కటే (200, దాన్ని తేవడానికి ఆటోకి 180).

ముందు గిన్నె. అంచు మీద చుక్కలు చుక్కలుగా ఒకావిడ పేరు, దాని పక్కన 1961. అడుగున రూపాయి బిళ్లంత మాటు. లోపలంతా పచ్చగా కిలుము. చింతపండు, ఉప్పు పట్టించి ఇరవై నిమిషాలు ఉంచి, కొబ్బరి పీచుతో, బూడిదతో తోమాను. స్టీలు పీచు వాడితే గీతలు పడతాయి, వద్దు. బయటి నలుపు మాత్రం అలాగే వదిలేశాను.

వండుకోవాలంటే లోపల కళాయి, అంటే తగరం పూత, ఉండాలి, లేకపోతే పులుసు పెట్టిన పూటే మళ్లీ కిలుము మొదలవుతుంది. బేగంబజార్‌లో తగరం, అది గిన్నెకి అంటుకోవడానికి చల్లే నవాసారం కొన్నాను. టంకం కడ్డీల్లో సీసం కలుస్తుంది కాబట్టి స్వచ్ఛమైన తగరమే కావాలని గట్టిగా అడిగి తీసుకోవాలి. డాబా మీద, గాలి వెళ్లే చోట, గిన్నెను పొయ్యి మీద కాల్చి నవాసారం పొడి చల్లాను. గుప్పున తెల్లటి పొగ. తగరం ముక్క తాకించగానే వెండిలా కరిగింది, పాత నూలు గుడ్డతో అలా రుద్దుతూ పోయాను. సగం గిన్నె మెరిసిపోతోంది, నేనూ మురిసిపోతున్నాను. అప్పుడు టప్ మని మాటు ఊడి పొయ్యిలో పడింది.

తణుకు దగ్గర ఊళ్లో ఉన్న మావయ్యకి ఫొటో పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. "అది మాటు కాదురా అబ్బాయ్, ఎవడో టంకం అంటించేశాడు. ఇత్తడి పొడి, వెలిగారం (బోరాక్స్) వేసి ఎర్రగా కాలిస్తే అదీ మాటు. మనూరికి వచ్చేవాడు వేసింది అడుగు అరిగిపోయినా ఊడేది కాదు." అక్కడి అజ్జరం ఊరి ఇత్తడి పనివాళ్లను దగ్గర నుంచి చూసిన మనిషి, నేను మాట్లాడలేకపోయాను.

లెక్క తేలికే. తగరం కరిగేది 232 డిగ్రీల దగ్గర, మామూలు టంకం అంతకంటే ముందే, 190కి అటూ ఇటుగా కరిగిపోతుంది. కొనేముందు అతుకు అంచు చూడాలి. బూడిద రంగులో మెత్తగా ఉంటే టంకం, గోరుతో గీస్తే గీత పడుతుంది. గిన్నె రంగులోనే పసుపుగా గట్టిగా ఉంటే అసలు మాటు.

"బిందెలకు మాట్లేస్తాం, కళాయి పెడతాం" అని అరుచుకుంటూ వచ్చేవాళ్లు మా వీధిలో ఇప్పుడు లేరు. చివరికి పని చేసిపెట్టింది ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే కుర్రాడు. గ్యాస్ మంటతో, వెండి కలిసిన కడ్డీతో (కాడ్మియం లేనిదే అడిగాను) పావుగంటలో చిల్లి మూసేసి 300 తీసుకున్నాడు. రెండోసారి కళాయి నిలిచింది. తగరం మొత్తం 35 గ్రాములు పట్టింది. ఒకవైపు మంట ఎక్కువై కాస్త పసుపు తిరిగింది, ఉండనీ.

ఇక మానిక. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. 1956 తూనికల చట్టంతో కిలోలు, లీటర్లు వచ్చాక ఈ లెక్కలు నెమ్మదిగా మూలపడ్డాయి. వంటింటి త్రాసు మీద ఖాళీగా తూచి, అంచు దాకా నీళ్లు పోసి మళ్లీ తూచాను, గ్రాముకి ఒక మిల్లీలీటరు చొప్పున. సోల 420. అంటే మానిక 1,680 ఉండాలి. వచ్చింది 1,610. రెండూ వేర్వేరు ఊళ్లవి కావచ్చు, కొలతలు ఊరికో తీరు. కానీ తిప్పి చూస్తే అడుగు లోపలికి ఉబ్బి ఉంది, చుట్టూ వరసగా సుత్తి దెబ్బలు! కింద పడితే అంత వరసగా పడవు. కూలి గింజలు కొలిచిన చెయ్యి ఎవరిదో గానీ, మానికకి 70 మిల్లీలీటర్లు మిగుల్చుకుంది. దాన్ని సరిచేయదలచుకోలేదు.

తిరగలి పైరాయికి కక్కు, అంటే గింజ నలగడానికి ఉలితో కొట్టే గుంటలు, పూర్తిగా అరిగిపోయింది. కక్కు కొట్టేవాళ్ల కోసం రెండు వారాలు అడిగాను, దొరకలేదు. అరంగుళం ఉలి, రాతి ముక్కలు కంట్లో పడకుండా కళ్లద్దాలు కొన్నాను. పాత గడప బండ ముక్క మీద చెయ్యి తిప్పుకుంటున్నాను, మూడు రోజులైంది, గుంటలు ఇంకా ఒకే లోతుకు రావడం లేదు.