నెల్లూరు ఎండల్లో ఎముక జెల్: నా ప్రాజెక్టు అనుభవం

మాది కనిగిరి వైపు పల్లె. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుం వంగిపోయినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు, మా అవ్వతో సహా. ఫ్లోరోసిస్ వచ్చిన ఎముక ఎక్స్‌రేలో మామూలు కన్నా చిక్కగా కనిపిస్తుంది, కానీ పెళుసుగా ఉంటుంది. కాల్షియం స్నాయువుల్లో కూడా పేరుకుంటుంది. ఖనిజం ఉండాల్సిన చోట ఎలా కుదురుకుంటుందో తెలుసుకోవాలనే, నెల్లూరులో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి ఖనిజం పట్టించిన కొలాజెన్ (ఎముకలో పోగుల్లా ఉండే ప్రొటీన్) జెల్ తీసుకున్నాను.

ఎలుక తోక నుంచి తీసిన కొలాజెన్ పలుచని ఎసిటిక్ ఆమ్లంలో కరిగి ఉంటుంది. దాని పులుపు విరిచి 37 డిగ్రీల్లో ఉంచితే కాసేపటికి తాటిముంజెలా గట్టిపడుతుంది. రోహిణి కార్తెలో కరెంటు పోతే మా ల్యాబ్ బల్ల మీదే దాదాపు అంత వేడి! అచ్చుల్లో పోసేలోపే గడ్డకట్టకుండా సీసాలన్నీ ఐస్‌లో పెట్టుకుని కలిపాం.

అసలు టెన్షన్ ఆ తర్వాత. జెల్‌ను కాల్షియం, ఫాస్ఫేట్ ద్రావణంలో ఉంచితే తెల్లటి పొడి పైపైనే పేరుకుంది. అలిజరిన్ రెడ్ అనే రంగు వేస్తే చక్కగా ఎర్రబడింది. ఆ రంగు కాల్షియం ఉందని మాత్రమే చెబుతుంది, కొలాజెన్ పోగు లోపలుందో పైనుందో చెప్పదు. నిజమైన ఎముకలో స్ఫటికాలు కొలాజెన్ పోగుల లోపలి ఖాళీల్లోనూ చేరి, పోగు పొడవునా వరసగా ఉంటాయి. అందుకని ద్రావణంలో పాలీఅస్పార్టిక్ ఆమ్లం కలిపాం. అది ఖనిజాన్ని వెంటనే స్ఫటికం కానివ్వదు. ఇంకా రూపం కట్టని ఆ ఖనిజం పోగులోకి చొరబడి, అక్కడ అపటైట్‌గా, అంటే ఎముకలో ఉండే కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికంగా మారుతుంది. ఒంట్లో ఈ పనికి ఆమ్లగుణమున్న ప్రొటీన్లు తోడ్పడతాయని అంటారు.

నమూనాలను చెన్నై పంపి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూపించాం. కొలాజెన్‌ది మూడు పేటల నిర్మాణమని శాస్త్రవేత్తలు జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో ప్రతిపాదించింది ఆ ఊళ్లోనే. వాళ్లు వాడింది కంగారూ తోక స్నాయువు. మన యలవర్తి నాయుడమ్మ గారు నడిపిన తోళ్ల పరిశోధన సంస్థ కూడా అక్కడే ఉంది. బొమ్మల్లో స్ఫటికాలు పోగుల వెంబడే బారులు తీరి కనిపించినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

“అది నాకు పెడితే నడుం నిలబడుద్దా?” అని అవ్వ అడిగింది. నిలబడదని చెప్పాను. ఇలాంటి జెల్ ఎముకలో చిన్న ఖాళీలు పూడ్చడానికి పనికొస్తుందేమో గానీ, ఇంకా మెత్తనిదే, బరువు మోయలేదు. ఫ్లోరోసిస్ రాకుండా కాపాడేది మంచి నీళ్లే.

ఈ పని మొదలుపెట్టేవాళ్లు మైక్రోస్కోప్ స్లాట్ ముందే అడిగి పెట్టుకోండి. మాకు జెల్ తయారీ కన్నా దాని కోసం ఎదురుచూడటానికే ఎక్కువ కాలం పట్టింది.